రాజనీతి చదివితే ఏమొస్తుంది?

ఇంటర్ ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి మా సుచిత్రలో ఏ మెట్ల మీద ఇద్దరు ఆడవాళ్లు నిలబడ్డా ఒకటే కబురు. "మీ అమ్మాయికి ర్యాంకు ఎంత? కంప్యూటర్స్ వస్తుందా? మేనేజ్‌మెంట్ కోటాకి ఎంత అడుగుతున్నారు?" పొద్దున్నే మేడ్చల్ రోడ్డు మీద నిలబడితే వచ్చేవీ పోయేవీ కాలేజీ బస్సులే. తలెత్తి చూస్తే హోర్డింగుల నిండా ర్యాంకర్ల ఫొటోలే. ఇంత హడావిడిలో మా పై అంతస్తు అమ్మాయి ఒక మాట అంది. "నేను బీఏలో చేరతాను. పొలిటికల్ సైన్స్ చదువుతాను" అని. అనడమే కాదు, డిగ్రీ ప్రవేశాల దోస్త్‌లో కోఠీ మహిళా విశ్వవిద్యాలయాన్ని మొదటి ఆప్షన్‌గా పెట్టేసుకుంది కూడా.

అంతే, ఆ ఇంట్లో పిడుగు పడ్డట్టయింది. పిల్లది ఎంపీసీ. మార్కులు బాగా వచ్చాయి. తండ్రి జీడిమెట్లలో ఒక కంపెనీలో షిఫ్టు డ్యూటీ చేస్తూ, ఇంజనీరింగు ఫీజు కోసమే రెండేళ్లుగా చీటీ కడుతున్నాడు. తల్లి మా ఇంటికొచ్చి కళ్లొత్తుకుంది.

"అక్కా, మార్కులు రానివాళ్లు కదా బీఏలో చేరేది! రేపు సంబంధాలు చూసేటప్పుడు పిల్ల ఏం చదివిందంటే ఏమని చెప్పుకోను? పోనీ పెద్ద యూనివర్సిటీయా అంటే అదీ కాదు. ఆ చదువు చదివితే ఏమొస్తుంది చెప్పండి?"

పక్క ఫ్లాటావిడ నవ్వుతూ, "ఏం, ఎమ్మెల్యేని చేద్దామనుకుంటున్నారా?" అంది. అందరం నవ్వేశాం. నేనూ నవ్వాను. కానీ ఆ రాత్రి ఆలోచిస్తే, నవ్వాల్సింది ఏముందా అనిపించింది. ఆడపిల్ల రాజనీతి చదువుతానంటే మనకెందుకు నవ్వొచ్చింది? కొడుకు ఆ మాటే అంటే "కలెక్టర్ పరీక్షలకు తయారవుతున్నాడేమో" అని ఉండేవాళ్లం కదూ?

అయినా ఆ తల్లి అడిగినవి తీసిపారేయాల్సిన మాటలు కావు. ఒకటి, అది తెలివి తక్కువ వాళ్ల చదువు కదా అని. రెండు, చిన్న విశ్వవిద్యాలయంలో చదివితే విలువేముంటుందని. మూడు, చివరికి ఏమొస్తుందని. ఈ మూడింటికీ జవాబు వెతుక్కుంటూ ఉంటే నాకు మన దుర్గాబాయమ్మ గుర్తొచ్చింది.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు తెలియని తెలుగు స్త్రీ ఉండదు. ఆంధ్ర మహిళా సభ పెట్టిన మనిషిగా, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లిన వీరవనితగా మనకామె తెలుసు. కానీ ఆమె ఏం చదివిందో మనలో ఎందరికి తెలుసు? రాజనీతి శాస్త్రమే! అదీ ఎక్కడ? వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో. ఇవాళ అది మహా వృక్షం. కానీ ఆమె చేరిన 1930లలో దాని వయసు పదేళ్ల పైచిలుకు. 1926లో బెజవాడలో పుట్టి, 1930లో వాల్తేరు చేరిన పసి విశ్వవిద్యాలయం. ఆడపిల్లలు ఉండటానికి హాస్టలు కూడా లేదు.

ఆమె జీవితం అప్పటికి ఎలా ఉందో చూడండి. 1909లో రాజమండ్రిలో పుట్టింది. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ పెళ్లి నుంచి తనే బయటికొచ్చింది. 1930 నుంచి 1933 లోపు మూడుసార్లు జైలుకెళ్లింది. బయటికొచ్చాక, ఈడు దాటిపోయిందని ఊరుకోకుండా ప్రైవేటుగా చదివి కాశీ విశ్వవిద్యాలయం మెట్రిక్ పాసయింది. ఆ తర్వాత వాల్తేరు వెళ్లి సీటు అడిగింది. ఆడవాళ్లకు హాస్టలు లేదు, ఎలా చేర్చుకునేదని అక్కడివాళ్లు వెనకాడారు. మనమైతే ఏం చేసేవాళ్లం? "మన రాత ఇంతే" అని ఇంటికొచ్చేసేవాళ్లం. ఆమె పత్రికలో ప్రకటన వేయించింది. హాస్టలు లేక చదువు ఆగిపోయిన ఆడపిల్లలెవరైనా ఉంటే తనకు ఉత్తరం రాయమని! కొందరు అమ్మాయిలు ముందుకొచ్చారు. అందరూ కలిసి తామే ఒక వసతి ఏర్పాటు చేసుకుని చదువుకున్నారు.

ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది. ఆమెకు రాజనీతిలో మొదటి పాఠం తరగతి గదిలో కాదు, తరగతి గది గుమ్మం బయటే దొరికింది. ఒక్కతే అడిగితే "వీల్లేదు" అన్నారు. పదిమందిని కూడగట్టుకుని వెళితే తలుపు తెరుచుకుంది. రాజనీతి అంటే మొదట అదే కదా!

తర్వాత ఆమె మద్రాసులో న్యాయశాస్త్రం చదివింది. రాజ్యాంగ సభలో కూర్చున్న 15 మంది స్త్రీలలో ఒకరయింది. సభాపతుల ప్యానెల్లో ఉన్న ఏకైక స్త్రీ ఆమే. మన రాజ్యాంగం ఒక్కో అధికరణం మీద చర్చ జరుగుతుంటే లేచి సవరణలు ప్రతిపాదించింది. చిన్న విశ్వవిద్యాలయంలో చదివిన చదువు ఆమెకేమీ చిన్నది కాలేదు.

"అందరూ దుర్గాబాయిలు అవుతారా?" అంటారు. నిజమే, కారు. కాబట్టి దుర్గాబాయి కాని ఒక మనిషి సంగతి చెబుతాను.

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్య మెదక్ వైపు నుంచి వచ్చింది. పై అంతస్తు అమ్మాయి గొడవ ఆమె చెవిన కూడా పడింది. మెట్లు తుడుస్తూ తుడుస్తూ ఆగి, "గా రాజకీయం సదువు సదివితే సర్కారు కాగితాలు సమజైతయా అమ్మా?" అని అడిగింది. అవుతాయన్నాను. అప్పుడు చెప్పింది.

"నేనూ ఒకపారి వార్డు మెంబర్‌గ గెలిచినమ్మా. లేడీస్ సీటు వచ్చిందని మా ఆయన నన్ను నిలవెట్టిండు. మీటింగులకు ఆయనే పోతుండె. రిజిస్టర్ ఇంటికి తెచ్చి గీడ సంతకం పెట్టు అంటే పెడుతుంటి. అండ్ల ఏం రాసిండ్రో నాకేం ఎరుక? అయిదేండ్లు అట్లనే అయిపాయె."

నేను నోరెళ్లబెట్టాను. రెండేళ్లుగా రోజూ చూస్తున్న మనిషి. ఒక ఊరు ఓట్లేసి గెలిపించిన మనిషి. ఆమె సంతకంతో ఎన్ని బిల్లులు పాసయ్యాయో, ఏ వీధికి రోడ్డు పడిందో, ఏ వీధికి పడలేదో ఆమెకే తెలియదు!

ఆమెకు ఆ సీటు ఊరికే రాలేదు. 73వ, 74వ రాజ్యాంగ సవరణలు 1993లో అమల్లోకి వచ్చి, పంచాయతీల్లో, మున్సిపాలిటీల్లో కనీసం మూడోవంతు స్థానాలు స్త్రీలకు ఉండాలన్నాయి. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పంచాయతీల్లో దాన్ని సగం చేసింది. తెలంగాణ వచ్చాక 2018 పంచాయతీరాజ్ చట్టం, 2019 మున్సిపాలిటీల చట్టం కూడా సగమే అన్నాయి. హైదరాబాదు నగరంలో 2020 డిసెంబరులో ఎన్నికలు జరిగినప్పుడు 150 డివిజన్లలో సగం మహిళలవే. అంటే కుర్చీలో సగం మనకు రాసిచ్చారు. కానీ కుర్చీలో కూర్చుని ఏం చేయాలో నేర్పించారా? ఎవరు నేర్పించాలి? నేర్పే చదువు ఒకటుంటే, అది చదువుతానన్న పిల్లను చూసి మనం నవ్వుతున్నాం!

ఇంతకీ ఆ చదువులో ఏముంటుంది? నేను డిగ్రీలో చదివింది వేరే సబ్జెక్టులు. అందుకని ఆ అమ్మాయి తెచ్చుకున్న పుస్తకాలు తిరగేశాను. కౌటిల్యుడి అర్థశాస్త్రం నుంచి అంబేద్కర్ ఆలోచన దాకా ఉన్నాయి. రాజ్యాంగం, హక్కులు, కోర్టులు, పార్టీలు, ఎన్నికలు, పంచాయతీలు, విదేశాంగం... ఇదంతా ఢిల్లీ వ్యవహారం, మన వంటింటికి సంబంధం లేనిది అనుకుంటాం. సంబంధం ఎంత ఉందో మన ఓటుతోనే చెబుతాను.

మన సుచిత్ర కుత్బుల్లాపూర్ అసెంబ్లీ నియోజకవర్గంలోది. లోక్‌సభకు మల్కాజిగిరి. 2024 ఎన్నికల్లో మల్కాజిగిరి ఓటర్లు 37 లక్షలకు పైనే. దేశంలోకెల్లా పెద్ద నియోజకవర్గం మనదే. అదే ఎన్నికల్లో లక్షద్వీప్ ఓటర్లు 58 వేలు కూడా లేరు. అక్కడా ఒక ఎంపీయే, ఇక్కడా ఒక ఎంపీయే. ఎందుకిలా? లక్షద్వీప్ కేంద్రపాలిత ప్రాంతం కాబట్టి దానికి ఎంత చిన్నదైనా ఒక సీటు ఉంటుంది. మిగతా దేశంలో 2024 ఎన్నికలు కూడా 1971 జనాభా లెక్కల ప్రకారం రాష్ట్రాలకు పంచిన సీట్లతోనే జరిగాయి. నియోజకవర్గాల సరిహద్దులేమో 2001 లెక్కలతో 2008లో గీశారు. ఆ తర్వాత మన వైపు పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు అపార్ట్‌మెంట్లయ్యాయి. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాదు దాకా అందరూ వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. జనం పెరిగారు, గీత మాత్రం కదల్లేదు.

అయినా ఆ 37 లక్షల మందిలో ఓటు వేసింది సగానికి కాస్త పైన మాత్రమే. 2009 నుంచి నాలుగుసార్లు సాధారణ ఎన్నికలు జరిగితే మల్కాజిగిరి నుంచి ఒక్కసారీ మహిళ గెలవలేదు. 2023లో తెలంగాణ అసెంబ్లీకి 119 మందిని ఎన్నుకుంటే అందులో స్త్రీలు 10 మంది. అదే ఏడాది సెప్టెంబరులో పార్లమెంటు 106వ సవరణను ఆమోదించి, లోక్‌సభలో, అసెంబ్లీల్లో మూడోవంతు స్త్రీలకు అంది. టీవీలో చూసి మనమంతా చప్పట్లు కొట్టాం. కానీ జనాభా లెక్కలు తీసి, నియోజకవర్గాలు మళ్లీ విభజించాకే అమలు అనే షరతు కూడా అందులోనే ఉంది. ఆ షరతు సంగతి మనలో ఎంతమంది గమనించాం? గమనించడం నేర్పే చదువే ఇది.

ఇంకా దగ్గరికి వద్దాం. వీధిలో డ్రైనేజీ పొంగితే ఎవరిని అడగాలి? చెత్తబండి రాకపోతే ఎవరిని? హైవే మీద గుంత పడితే ఎవరిని? మొదటిది జలమండలి, రెండోది కార్పొరేషన్, మూడోది జాతీయ రహదారుల సంస్థ. మనం మాత్రం మూడింటికీ ఒకే మనిషిని తిడతాం, లేకపోతే మొగుడి మీద విసుక్కుంటాం! 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం ప్రకారం తెల్ల కాగితం మీద అర్జీ పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ అర్జీ రాయగల ఆడపిల్ల అపార్ట్‌మెంటుకు ఒకరుంటే ఎంత బావుంటుంది!

సరే, ఇక అసలు ప్రశ్న. అన్నం పెడుతుందా ఈ చదువు?

ఇక్కడ తీపి మాటలు చెప్పి తల్లిదండ్రుల్ని మభ్యపెట్టడం నాకిష్టం లేదు. డిగ్రీ చేతికి రాగానే ఇరవై ఐదు వేల జీతంతో పిలిచే కంపెనీలు ఈ చదువుకు లేవు. బీఏ తర్వాత ఇంకా చదవాలి. కానీ దారులు లేవనడం మాత్రం అబద్ధం. ఎంఏ చేసి, నెట్ గానీ సెట్ గానీ పాసైతే కాలేజీ అధ్యాపకురాలు కావచ్చు. ఇంటర్‌లో పౌరశాస్త్రం చెప్పే జూనియర్ లెక్చరర్ కావచ్చు. బీఈడీ చేసి సోషల్ టీచర్ కావచ్చు. లాసెట్ రాసి మూడేళ్ల లా చదవచ్చు. గ్రూప్స్ పరీక్షల్లో రాజ్యాంగం, పరిపాలన తప్పనిసరిగా ఉంటాయి. సివిల్స్‌లో దీన్ని ఐచ్ఛికంగా తీసుకోవచ్చు. పత్రికల్లో, స్వచ్ఛంద సంస్థల్లో పనులున్నాయి. అయితే ఆ పోటీ పరీక్షలు ఏళ్లూ పూళ్లూ పట్టొచ్చు. కాబట్టి పిల్లతో ముందే కూర్చుని మాట్లాడుకోవాలి. "మూడేళ్లు చదివిస్తాం. ఆ తర్వాత నీ దారేమిటి, దానికి ఎన్నేళ్లు పడుతుంది?" అని అడగాలి. అడగడం తప్పు కాదు. నవ్వడం తప్పు.

పైగా ఇంజనీరింగు చేసినవాళ్లందరికీ ఉద్యోగాలు వచ్చి ఒళ్లో పడుతున్నాయా? ఇష్టం లేని చదువుకు అప్పు చేసి ఫీజు కట్టి, సబ్జెక్టులు మిగిల్చుకుని గదిలో తలుపేసుకున్న పిల్లలు మనకు తెలియని వాళ్లేం కాదు.

చిన్న విశ్వవిద్యాలయం సంగతీ చెప్పుకోవాలి. చిన్నచోట్ల ఇబ్బందులు ఉండవని నేననను. చాలాచోట్ల శాశ్వత అధ్యాపకులు తక్కువ, గంటల లెక్కన వచ్చి పాఠం చెప్పేవాళ్లు ఎక్కువ. లైబ్రరీలో కొత్త పుస్తకాలు ఉండకపోవచ్చు. అందుకని చేర్చేముందు ఒకసారి వెళ్లి చూడండి. ఆ శాఖలో అధ్యాపకులు ఎంతమంది, పాఠం ఏ భాషలో చెబుతారు, లైబ్రరీ ఎన్ని గంటలకు మూస్తారు, హాస్టలు ఉందా, ఇంటికి రావడానికి చివరి బస్సు ఎన్నింటికి... ఇవి అడగండి. పేరు పెద్దదా చిన్నదా అన్నది వీటన్నిటి తర్వాత. ఇరవై మంది ఉన్న తరగతిలో పంతులమ్మకు ప్రతి పిల్ల పేరూ తెలుస్తుంది. రెండొందల మందిలో తెలుస్తుందా?

మాటల్లోనే నేను, ఆ తల్లి, పిల్ల ముగ్గురం ఒకరోజు సికింద్రాబాదులో బస్సు మారి కోఠీ వెళ్లాం. 1924లో ఆడపిల్లల కాలేజీగా మొదలైన చదువుల బడి అది. 2022లో విశ్వవిద్యాలయమైంది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. ఆ పేరు చూసి ఆ తల్లి, "ఈమె ఏం చదువుకుంది అక్కా?" అని అడిగింది. చదువుకోలేదన్నాను. పాలకుర్తిలో కౌలుకు తీసుకున్న నాలుగెకరాల పంట మీద విసునూరు దొర కన్నేస్తే, సంఘం అండతో నిలబడి ఆ పంట ఇంటికి తెచ్చుకున్న మనిషి ఆమె. పంట ఎవరిది, ఎవరి అధికారం ఎంతవరకు, ఎదురు నిలవాలంటే ఎవరు తోడు కావాలి... ఇవి ఆమెకు బతుకు నేర్పింది. మన పిల్లలకు పుస్తకం నేర్పుతానంటోంది. అంత కష్టం పడకుండానే నేర్చుకునే వీలుంటే కాదనడం ఎందుకు?

ఇది పిల్లల సంగతే కాదు, మన సంగతి కూడా. "మాకేం వయసు మిగిలింది" అనుకునే గృహిణులకు అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలైంది. దేశంలో అలాంటి వాటిలో అదే మొదటిది. రోజూ కాలేజీకి వెళ్లక్కర్లేదు. ఇంట్లో పాఠాలు చదువుకుని, సెలవు రోజుల్లో స్టడీ సెంటరుకు వెళ్లి, పరీక్ష రాసుకోవచ్చు. బీఏలోనూ ఎంఏలోనూ రాజనీతి ఉంది. వయసు అంటారా? ములుగు ఎమ్మెల్యే సీతక్క సంగతి చూడండి. పడుచు వయసులో అడవిలోకి వెళ్లి తుపాకి పట్టిన మనిషి, బయటికొచ్చి లా చదివి, ఎమ్మెల్యే అయ్యాక కూడా చదువు వదలకుండా 2022లో ఉస్మానియా నుంచి రాజనీతి శాస్త్రంలో డాక్టరేట్ తెచ్చుకున్నారు. అప్పటికి ఆమెకు యాభై దాటాయి. పరిశోధన చేసింది ఎవరి మీదో తెలుసా? ఉన్న ఊరు వదిలి వలస వచ్చిన గొత్తికోయల మీద. అంటే తను రోజూ చూస్తున్న మనుషుల బతుకు మీదే. మరుసటి ఏడాది డిసెంబరులో మంత్రి అయ్యారు.

మనం ఆమెలా కావాలని కాదు. పొద్దున పేపరు వచ్చాక సినిమా పేజీ, వంటల పేజీతో పాటు మొదటి పేజీ కూడా మనదే అనుకోవాలి. భర్త చెప్పిన గుర్తుకు కాకుండా మనకు తెలిసి ఓటు వేయాలి. రేపు మన వార్డు మహిళలకు కేటాయించారంటే, "మా ఆయన చూసుకుంటారు" అనకుండా రిజిస్టరు మనమే చదివి సంతకం పెట్టాలి. అందుకు డిగ్రీలే అక్కర్లేదు గానీ, చదువుతానన్న పిల్లకు అడ్డుపడకుండా ఉంటే చాలు.

పై అంతస్తు అమ్మాయికి కోఠీలో సీటు వచ్చింది. తండ్రి ఇంకా ముభావంగానే ఉన్నాడు. చీటీ డబ్బులు మాత్రం బ్యాంకులో వేసి, "పీజీకి పనికొస్తాయిలే" అన్నాడట. ఆ మాట చెప్పి తల్లి నవ్వింది. ఈసారి నవ్వు వేరుగా ఉంది.

వాచ్‌మన్ భార్య ఆ పిల్లతో ఒక ఒప్పందం చేసుకుంది. "రిజిస్టర్ల ఏం రాస్తరో, ఎట్ల రాస్తరో సదివినంక నాకు చెప్పాలె బిడ్డా. మల్ల ఎన్నడన్న ఊరికి పోతే అక్కరకొస్తది" అంది. ఆ పిల్ల సరేనంది.

ఏమొస్తుందని కదా అడిగాం. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఈ ఏడాది ఏ అమ్మాయైనా ఇదే మాట అంటే, నవ్వే ముందు ఒక్కసారి ఆమె పుస్తకం తెరిచి చూడండి. మీ సంతకం దేని మీద ఉందో అందులో కనిపించవచ్చు.